ట్రాక్షన్ ‘ఏ’ ఉన్న కారు ఘాట్‌లో ఎందుకు జారింది: ఒక ట్రావెల్స్ కేసు

విశాఖపట్నంలో ట్రావెల్స్ నడిపేవాళ్లకు, కంపెనీలకు క్యాబ్‌లు పెట్టేవాళ్లకు టైర్ల గురించి సలహా ఇవ్వడం నా పని. ఏ టైరు కొనాలి, ఎప్పుడు తీసేయాలి, అరిగిన తీరును బట్టి లోపం టైరులో ఉందా, బండిలో ఉందా, నడిపే తీరులో ఉందా అన్నది చూస్తాను. ఈ కేసులో యజమానిని గుర్తుపట్టే వివరాలు, బళ్ల సంఖ్య, టైరు కంపెనీల పేర్లు తీసేశాను. కొలతలు, జరిగిన వరస మాత్రం అలాగే ఉంచాను.

ఈ కేసు రాయడానికి కారణముంది. టైరు సైడ్‌వాల్, అంటే పక్క భాగం మీద ఉండే అమెరికా ప్రభుత్వ గ్రేడింగును ఇప్పుడు మనవాళ్లు కూడా చదువుతున్నారు. అందులో ట్రెడ్‌వేర్ అంటే అరుగుదలకు ఇచ్చే అంకె, ట్రాక్షన్ అంటే తడి రోడ్డు మీద పట్టుకు ఇచ్చే అక్షరం, టెంపరేచర్ అంటే వేడిని తట్టుకోవడానికి ఇచ్చే అక్షరం. చదవాలి కూడా. కానీ ఆ గ్రేడు ఏం చెప్పదో చెప్పే హెచ్చరికను అక్కడి చట్టం తప్పనిసరి చేసింది. అంకె రబ్బరు మీద అచ్చై మన దాకా వచ్చేసింది, హెచ్చరిక రాలేదు. ఈ కేసులో రెండు కార్లు జారడం వెనకా, ఆ తర్వాత వృథా అయిన డబ్బు వెనకా ఉన్నది అదే.

నేపథ్యం

యజమాని పద్ధతైన మనిషి. ప్రతి బండికీ ఒక నోట్‌బుక్, అందులో డీజిల్, కిలోమీటర్లు, రిపేర్లు అన్నీ రాసి ఉంటాయి. బళ్లు ఎక్కువగా సెడాన్లు, టైరు సైజు 185/65 ఆర్15. సగం కార్లు ఎయిర్‌పోర్టు, హోటళ్లు, ఆఫీసు స్టాఫ్ పికప్‌లకు తిరుగుతాయి. మిగతావి శని ఆదివారాల్లో అరకు టూర్లకు వెళ్తాయి. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కడం, దిగడం వీటికి అలవాటైన పని.

అంతకుముందు ఆయన కార్లకు ట్రెడ్‌వేర్ 340 అని రాసున్న టైర్లు ఉండేవి. ఈసారి షాపులో 500 ఉన్నవి చూపించారు. “ఐదొందలంటే యాభై వేల కిలోమీటర్లు గ్యారంటీగా వస్తాయండీ, పక్కన ట్రాక్షన్ ఏ, టెంపరేచర్ ఏ, అన్నీ ఏలే” అన్నారట. ఆయన మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కో కారుకూ రెండేసి చొప్పున కొత్తవి వేయించారు. ముందు చక్రాలు తొందరగా అరుగుతాయి కాబట్టి కొత్తవి ముందుకు, ఉన్నవాటిలో మంచివి వెనక్కి. మన దగ్గర చాలా షాపుల్లో ఇదే అలవాటు.

వచ్చిన సమస్య

జూన్ మొదటి వానలకు రెండు ఘటనలు జరిగాయి. అరకు నుంచి దిగుతున్న కారు ఒక మలుపులో జారి, పక్కకు తిరిగిపోయి, పిట్టగోడను రాసుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇంకో కారు హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడితే బ్రేక్ వేసినా ఆగక ముందున్న బండి బంపర్‌కు తగిలింది. ఆ తర్వాత డ్రైవర్లంతా ఒకటే మాట, కొత్త టైర్లు రోడ్డు పట్టడం లేదని. వాన పడితే ఘాట్ ట్రిప్పంటేనే టెన్షన్ పడుతున్నారు.

యజమాని నా దగ్గరకు వచ్చింది కారణం తెలుసుకోవడానికి కాదు. టైర్లలో తయారీ లోపం ఉందని రిపోర్టు రాసిస్తే డీలర్ దగ్గర క్లెయిమ్ పెట్టుకుంటానన్నారు. “ట్రాక్షన్ ఏ అని రాసి, వానకు జారితే అది మోసమే కదా సార్?” అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ రిపోర్టు రాయడానికి ఒప్పుకోలేదు. టైర్లు చూడకుండా లోపం రాయకూడదన్నది ఒక కారణం. రెండోది, టైరు వారంటీ సాధారణంగా తయారీ లోపాలకే వర్తిస్తుంది. ఉబ్బు, పొర ఊడటం, బీడ్ (రిమ్ముకు పట్టుకునే టైరు అంచు) దగ్గర పగులు లాంటివి కంటికి కనిపించాలి. పట్టు సరిపోలేదన్న ఫిర్యాదు అందులోకి రాదు. ఆ దారిలో వెళ్తే నెలలు గడిచిపోతాయి, ఈలోగా వానాకాలం నడుస్తూ ఉంటుంది. ముందు కార్లు జారకుండా చూద్దాం, క్లెయిమ్ సంగతి తర్వాత అన్నాను. ఆయనకు నచ్చలేదు.

ఆయన ముందే చేసి చూసినవి

నన్ను కలిసే లోపే ఆయన మూడు ప్రయత్నాలు చేశారు. అన్ని కార్లకూ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించారు. దాంతో స్టీరింగ్ పక్కకు లాగడం తగ్గింది, జారడం తగ్గలేదు.

తర్వాత ఒక పంక్చర్ షాపులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని చెబితే కొన్ని కార్లలో గాలి ఒత్తిడిని 24 పీఎస్ఐకి దింపించారు. వాటిలో ఒకటి అనకాపల్లి వైపు హైవే మీద వెళ్లొచ్చాక, టైరు ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉందని డ్రైవరే గమనించి మళ్లీ గాలి కొట్టించాడు. ఆ డ్రైవర్ చేసింది చాలా మంచి పని. గాలి తక్కువైన టైరు ప్రతి తిరుగుడికీ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడంలో లోపల వేడి పుడుతుంది. ‘టెంపరేచర్ ఏ ఉంది కదా, వైజాగ్ ఎండకు ఏం కాదు’ అని యజమాని అనుకున్నారు. ఆ అక్షరానికీ మన ఎండకూ సంబంధం లేదు. ప్రయోగశాలలో డ్రమ్ము మీద టైరును వేగంగా తిప్పి, పుట్టిన వేడిని అది ఎంత వేగం దాకా తట్టుకుందో చూస్తారు. గంటకు 115 మైళ్లు, అంటే సుమారు 185 కిలోమీటర్లు దాటి నిలబడితే ‘ఏ’. 100 నుంచి 115 మైళ్ల మధ్యైతే ‘బీ’. 85 నుంచి 100 మధ్యైతే ‘సీ’, అక్కడ అమ్మే ప్రతి కారు టైరూ కనీసం ఆ మెట్టు అందుకోవాలి. ఈ గ్రేడు సరైన గాలి ఉండి, లోడు మించని టైరుకే వర్తిస్తుందని ఆ నిబంధనలోనే రాసుంది. 24 పీఎస్ఐతో నలుగురు ప్యాసింజర్లను, లగేజీని మోస్తున్న కారుకు ఆ ‘ఏ’ లేనట్టే లెక్క.

మూడోది ఖరీదైన ప్రయత్నం. ఘాట్‌లో జారిన కారుకు ట్రాక్షన్ ‘ఏఏ’ ఉన్న టైర్లు రెండు కొని ముందు వేయించారు. ఈ గ్రేడింగులో అంతకంటే పెద్ద అక్షరం లేదు. అయినా తర్వాతి వానకే డ్రైవర్ మళ్లీ అదే ఫిర్యాదు చేశాడు. ఆయన నమ్మకం పూర్తిగా పోయింది అక్కడే.

నేను మాత్రం ఈ మూడో ప్రయత్నం దగ్గరే ఆగిపోయాను. ఉన్నవాటిలో మంచి గ్రేడు టైరు వేసినా మార్పు రాలేదంటే, మార్చిన టైర్లు అసలు సమస్య ఉన్న చోట లేవేమో అనుకోవాలి.

ఏం చూశాను

బళ్లు షెడ్డుకు చేరాక, టైర్లు చల్లబడనిచ్చి పొద్దున్నే చూశాను. వేడి టైరులో గాలి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, ఆ కొలత పనికిరాదు.

ముందుగా ఘాట్ కారు డ్రైవర్‌తో మాట్లాడాను. బండి ఎలా జారింది, ముక్కు మలుపు తిరగకుండా నేరుగా పోయిందా, తోక పక్కకు వచ్చిందా అని అడిగాను. అతను చెయ్యి తిప్పి చూపిస్తూ, “ముందు బానే తిరిగింది సార్. ఎనకే జారిపోనాది. ఎవులో ఎనకనుంచి తోసీసినట్టు” అన్నాడు. ఆ మాట అతను యజమానికి కూడా చెప్పాడట, ఎవరూ పట్టించుకోలేదు. నాకు సగం కేసు ఆ మాటలోనే తేలింది.

వెనక టైర్లు కొలిచాను. డెప్త్ గేజ్ పెడితే 2 మిల్లీమీటర్ల పైన కాస్త. గాడిలో ఉండే అరుగుదల గట్టు ఇంకా పైకి తేలలేదు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరుకు 1.6 మిల్లీమీటర్ల లోతు ఉంటే చాలు, కాబట్టి చట్టం దృష్టిలో అవి బాగున్నట్టే. టైరు పక్కన అచ్చు వేసే డీఓటీ అనే తయారీ కోడ్ వరస చివర 2318 అని ఉంది. అంటే 2018లో 23వ వారంలో తయారైన టైరు. రబ్బరు గట్టిపడింది, గోటితో నొక్కితే దిగడం లేదు. ముందు టైర్లకేమో ఏడున్నర మిల్లీమీటర్ల పైనే లోతు ఉంది.

ఆ మలుపులో ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు చూడండి. కారు దిగుతోంది, డ్రైవర్ బ్రేక్ మీద ఉన్నాడు, బరువంతా ముందుకు వచ్చింది. వెనక చక్రాలు తేలికయ్యాయి. రోడ్డు మీద నీరుంది. ముందు టైర్ల గాడులు లోతుగా ఉండి నీటిని బయటకు తోసేస్తున్నాయి, వెనకవాటికి ఆ లోతు లేదు. తోక జారింది, డ్రైవర్ కంగారుపడి బ్రేక్ ఇంకా గట్టిగా తొక్కాడు, వెనక ఇంకా తేలికైంది. ముందు ఎంత మంచి టైరు ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది. ‘ఏఏ’ వేశాక కూడా ఫిర్యాదు ఆగకపోవడానికి కారణం ఇదే.

హనుమంతవాక కారు సంగతి వేరు. దానికి వెనక టైర్లు ఫరవాలేదు. కానీ గాలి చల్లగా ఉన్నప్పుడే 41 పీఎస్ఐ చూపించింది. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద కారు కంపెనీ చెప్పింది 33. మిగతా కార్లు చూస్తే చాలావాటికి 40కి అటూ ఇటూ ఉంది. ఎందుకని అడిగితే డ్రైవర్లు మొదట చెప్పలేదు. తర్వాత తెలిసింది, డీజిల్ మైలేజ్ బాగా తెచ్చినవాళ్లకు యజమాని నెలకింత బోనస్ ఇస్తున్నారు. గాలి ఎక్కువ కొడితే బండి తేలిగ్గా దొర్లుతుంది, మైలేజ్ కాస్త పెరుగుతుంది. కానీ ట్రెడ్ మధ్య భాగమే రోడ్డును తాకుతుంది. మొదటి వానకు రోడ్డు మీద దుమ్ము, నూనె కలిసి జిడ్డుగా తయారైనప్పుడు ఆ కాస్త స్పర్శ చాలలేదు.

గ్రేడు అసలు ఏం చెబుతుంది

యజమానిని కూర్చోబెట్టి ఒక టైరు పడుకోబెట్టి సైడ్‌వాల్ మొత్తం చదివించాను. ఆ సాయంత్రం మాట్లాడుకున్నది కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువమందికి పనికొచ్చేది ఈ భాగమే.

ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అనే మూడు మాటలూ కలిపి అమెరికా రవాణా శాఖ పెట్టిన యూనిఫాం టైర్ క్వాలిటీ గ్రేడింగ్, పొట్టిగా యూటీక్యూజీ. 1966లో అక్కడి వాహన భద్రత చట్టం కొనేవాడికి అర్థమయ్యేలా టైర్లకు గ్రేడింగ్ ఉండాలని చెప్పడంతో దీనికి బీజం పడింది. గ్రేడు వేసేది ప్రభుత్వం కాదు, టైరు కంపెనీయే. ప్రభుత్వం చెప్పిన పద్ధతిలో పరీక్షించి తనే అచ్చు వేస్తుంది, ప్రభుత్వం తర్వాత తనిఖీ చేయవచ్చు.

ట్రెడ్‌వేర్ పరీక్ష టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో దగ్గర జరుగుతుంది. దాదాపు 640 కిలోమీటర్ల రోడ్డు చుట్టు మీద కార్లను వరసగా మొత్తం 7,200 మైళ్లు, అంటే సుమారు 11,600 కిలోమీటర్లు నడుపుతారు. వాటితో పాటు ఒక ప్రామాణిక టైరు కూడా తిరుగుతుంది. దానితో పోల్చి అరుగుదల లెక్క కడతారు. 100 కంటే 150 ఉన్న టైరు ఆ రోడ్డు మీద ఒకటిన్నర రెట్లు మన్నుతుందని అర్థం, అంతే. అంకెను వందతో గుణించి కిలోమీటర్లు చెప్పడం షాపుల్లో పుట్టిన లెక్క. పైగా తిరిగింది 11,600 కిలోమీటర్లే, మిగతాది అంచనా. కంపెనీ తన టైరుకు వచ్చిన దానికంటే తక్కువ అంకె కూడా వేసుకోవచ్చు. అందుకే ఒక కంపెనీ 340ని ఇంకో కంపెనీ 500తో పోల్చడం కుదరదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్యైతే కొంత పనికొస్తుంది.

ట్రాక్షన్ దగ్గర ఆయన ఎక్కువసేపు వాదించారు. ఈ పరీక్షలో ట్రైలర్‌కు టైరు బిగించి, తడి తారు మీద, తడి కాంక్రీటు మీద గంటకు 40 మైళ్ల వేగంతో లాగుతూ చక్రాన్ని బ్రేకుతో పూర్తిగా బిగపడతారు. ఎంత గట్టిగా పట్టిందో ఒక గుణకంగా లెక్క కడతారు. తారు మీద 0.54, కాంక్రీటు మీద 0.38 దాటితే ‘ఏఏ’. 0.47, 0.35 దాటితే ‘ఏ’. 0.38, 0.26 దాటితే ‘బీ’. ఆ కింద ‘సీ’. అరవై మార్కులొచ్చినా డెబ్బై నాలుగొచ్చినా ఫస్ట్ క్లాసే అన్నట్టు, ‘ఏ’ లోపల కూడా తేడాలుంటాయి. అంతకంటే ముఖ్యం, ఇది నేరుగా పోతూ ఆగడం గురించే. మలుపులో పట్టు, నీటి మీద తేలిపోవడం, వేగం అందుకోవడం ఇందులో లేవని ఆ నిబంధనే హెచ్చరికగా రాయమంటుంది. అక్కడ విడిగా అమ్మే టైరు ట్రెడ్ మీద ఆ హెచ్చరిక ఉన్న కాగితం లేబుల్ అతికించాలి, కారుతో వచ్చే పుస్తకంలో వివరణ ఉండాలి. గ్రేడు వచ్చేది మంచి స్థితిలో ఉన్న టైరుకు, సరైన గాలితో. 2 మిల్లీమీటర్లకు అరిగి, ఏళ్లు గడిచిన టైరు మీద కూడా ఆ ‘ఏ’ అలాగే కనిపిస్తూ ఉంటుంది. రబ్బరు మీద అచ్చు చెరగదు కదా.

మరి మన ప్రభుత్వం ఏం చూస్తుంది అని అడిగారు. 2009 నాటి క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం కారు టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు దగ్గర ఐఎస్ 15633 అని, సీఎంఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. దీనికి తోడు 2022లో కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్‌తో ఏఐఎస్-142 అనే ప్రమాణం వచ్చింది. టైరు దొర్లేటప్పుడు బండిని వెనక్కి లాగే నిరోధం, తడి రోడ్డు మీద పట్టు, టైరు చేసే శబ్దం, ఈ మూడింటికీ హద్దులు పెట్టింది. ఇవి పాసా, ఫెయిలా చెప్పే నిబంధనలు. పాసైన రెండు టైర్లలో ఏది మేలో చెప్పవు. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్ లేబుల్ ఉంది కానీ అది ఇంధనం ఆదా కోసం పెట్టింది, స్వచ్ఛందం. అందుకే మన కొనుగోలుదారు కంటికి పోల్చుకోవడానికి దొరికేది మళ్లీ ఆ అమెరికా అంకెలే. వాటిని వాడుకోవద్దని నేను అనను, హెచ్చరికతో కలిపి వాడుకోమంటాను.

ఇంకో సంగతి. ఆయన దగ్గరున్న పాత చిన్న కారు టైర్ల మీద ఏ గ్రేడూ లేదు. నాసిరకమేమోనని మార్చేద్దామనుకున్నారు. 12 అంగుళాలు, అంతకంటే చిన్న రిమ్ టైర్లకు యూటీక్యూజీ వర్తించదు. ఆ టైర్లకు ఐఎస్ఐ గుర్తు ఉంది, లోతు బాగుంది, తేదీ కొత్తది. మార్చవద్దన్నాను.

ఏం పనిచేసింది

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకే ఘాట్ కారుకు కొత్తగా ఏమీ కొనకుండా, ముందున్న ‘ఏఏ’ జతను వెనక్కి, వెనకున్న అరిగినవాటిని ముందుకు మార్పించాను. ఒక ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద, వాన పడ్డాక, తక్కువ వేగంలో అదే డ్రైవర్‌తో అదే మలుపు తిప్పించాం. ఇప్పుడు ముక్కు కాస్త బయటికి పోతోంది కానీ తోక నిలబడింది. ముక్కు పోతే స్టీరింగ్‌లో ముందే తెలుస్తుంది, డ్రైవర్ కాలు తీస్తే బండి సర్దుకుంటుంది. తోక పోతే మామూలు డ్రైవర్ చేయగలిగింది చాలా తక్కువ. అది రుజువయ్యాక అరిగిన జతను తీసి పక్కన పెట్టించి, కొత్త జత కొనిపించాను.

హనుమంతవాక కారుకు గాలి ఒక్కటే 33కి దింపాం, టైర్లు ముట్టుకోలేదు. బ్రేక్ వేసినప్పుడు బండి నిలబడే తీరులో తేడా డ్రైవర్‌కే తెలిసింది.

ఆ తర్వాత అన్ని బళ్లకూ ఒకే పద్ధతి పెట్టాం. ఎక్కువ లోతున్న జత ఎప్పుడూ వెనకే. వానాకాలం మొదలయ్యే ముందు 3 మిల్లీమీటర్ల లోపున్న టైరు ఏదైనా తీసేయాలి, చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా సరే. గాలి పొద్దున్నే, బండి కదలకముందు, డోరు స్టిక్కర్ చూసి కొట్టాలి. మైలేజ్ బోనస్ తీసేయమని గట్టిగా చెప్పాను. ఈ ఒక్కదానికి ఆయన ఒప్పుకోవడానికి చాలా టైమ్ పట్టింది. చివరికి బోనస్‌ను డీజిల్ మీద కాకుండా, వారం వారం గాలి, లోతు రాసిన డ్రైవర్లకు ఇచ్చేలా మార్చారు.

అక్టోబర్ తుపాను వానల దాకా చూశాం. జారిన ఫిర్యాదు మళ్లీ రాలేదు. దీన్ని పూర్తిగా టైర్ల ఖాతాలో వేయను. భయపడ్డాక డ్రైవర్లు ఘాట్‌లో వేగం తగ్గించారు, దాని వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

క్లెయిమ్ సంగతి: ఆయన పెట్టలేదు. కానీ ఇప్పుడు టైరు కొన్న ప్రతిసారీ బిల్లు మీద డీఓటీ వరస పూర్తిగా రాయించుకుంటున్నారు. రేపు నిజంగా తయారీ లోపం వస్తే అదే ఆధారం.

నోట్‌బుక్‌లో కొత్తగా ఒక గడి చేరింది, ఒక మిల్లీమీటరు అరగడానికి ఎన్ని కిలోమీటర్లు పట్టిందని. అదే మోడల్, అదే 500 అంకె ఉన్న ముందు టైర్లకు ఎయిర్‌పోర్టు డ్యూటీ కార్లలో తొమ్మిది వేల కిలోమీటర్లకు పైన వస్తోంది, అరకు కార్లలో ఆరు వేల లోపే. వచ్చే కొనుగోలుకు ఆయన రెండు జాబితాలు వేసుకున్నారు. సిటీ కార్లకు ప్రస్తుతం ఉన్న మోడలే, ఘాట్ కార్లకు ట్రెడ్‌వేర్ తక్కువైనా ‘ఏఏ’ ఉన్నది, నాలుగు చక్రాలకూ.